ఉద్యోగం కోసం ఆడిన అబద్ధం



1932వ సంవత్సరం ఫిబ్రవరి 6న తెలుగువాళ్ల మొదటి పూర్తి టాకీ ‘భక్త ప్రహ్లాద’ విడుదలైంది. దర్శకుడు హెచ్.ఎం.రెడ్డి, తీసింది బొంబాయిలో, నటించింది ఎక్కువగా సురభి నాటక సమాజం వాళ్లు. బొమ్మ మాట్లాడుతుందట, పద్యం పాడుతుందట అని జనం విరగబడి చూశారు. అదే ఏడాది ఆగస్టులో ఇటలీలోని వెనిస్ నగరంలో మొట్టమొదటి చలనచిత్రోత్సవం జరిగింది. పెద్ద పెద్ద దేశాల సినిమాల మధ్య అక్కడ ఒక చిన్న ప్రేమకథ కూడా తెరకెక్కింది. పేరు ‘లి ఉవోమిని, కే మస్కల్జోని’. ఈ మగాళ్లు ఎంత తుంటరి వెధవలో అని ఒక ఆడపిల్ల విసుక్కున్నట్టుగా ఉంటుంది ఆ పేరు. దర్శకుడు మారియో కమెరిని. హీరో అప్పటికి నాటకాల్లోనూ పాటల్లోనూ పేరు తెచ్చుకుంటున్న విట్టోరియో డెసికా.

ఇక్కడ హిరణ్యకశిపుడు, అక్కడ ఒక కారు డ్రైవరు. ఒకే ఏడాది, శబ్దం వచ్చిన కొత్తలో, రెండు చోట్ల తెర ఇలా మాట్లాడింది. ఇందులో ఎక్కువ తక్కువలు చూపించాలని కాదు నా ఉద్దేశం. ఆ డ్రైవరు కథ లాంటిది మన తెలుగు తెర మీదికి ఎప్పుడు వచ్చింది, ఏ దారిన వచ్చింది, వచ్చాక దాన్ని మనం ఏం చేశాం అన్నదే ఈ రోజు నా మాట.

ముందు ఆ ఇటలీ కథ చెబుతాను. మిలాన్ నగరం. మరియుచ్చా అనే అమ్మాయి అత్తరు సీసాలు అమ్మే దుకాణంలో పని చేస్తుంది. తండ్రి టాక్సీ డ్రైవరు. రాత్రంతా టాక్సీ నడిపి ఆయన తెల్లవారి ఇంటికి వచ్చే వేళకు కూతురు పనికి బయలుదేరుతుంది. బ్రూనో అనే కుర్రాడు ఒక ధనవంతుడి దగ్గర కారు నడుపుతుంటాడు. ఒక ఉదయం ఆ అమ్మాయిని చూశాడు. ఆమె ట్రాములో వెళుతుంటే సైకిలు మీద వెంటపడ్డాడు. ఆమెకూ తోటి అమ్మాయిలకూ అతని సైకిలు చూసి నవ్వు వచ్చింది. దాంతో వాడికి పౌరుషం వచ్చి, యజమాని కారు తీసుకుని, అది తనదే అన్నట్టుగా ఆమె ముందు ఆపాడు. ఆమె ఎక్కింది. ఇద్దరూ ఊరు దాటి సరస్సుల వైపు వెళ్లి, ఒక పల్లెటూరి భోజనశాలలో తిని, నాట్యం చేసి, పాట పాడుకున్నారు. చేజరే ఆండ్రియా బిక్సియో స్వరపరిచిన ఆ పాటను ఇటలీ ప్రజలు ఇప్పటికీ పాడుకుంటారు.

ఇంతలో యజమాని భార్య అక్కడే తగిలింది. కారూ ఆమెదే, డ్రైవరూ ఆమెవాడే. ఆమెను ఊళ్లో దింపక తప్పదు. ఇప్పుడే వస్తానని అమ్మాయితో చెప్పి వెళ్లాడు. తిరిగి వచ్చే తొందరలో కారు ప్రమాదం చేశాడు. చేతిలో డబ్బు లేక, ఇంటికి వెళ్లే దారి లేక ఆ పిల్ల ఆ పరాయి ఊళ్లో ఉండిపోయింది. వాడి ఉద్యోగం ఊడింది. ఆ తరువాత కథంతా కోపతాపాలు. ఉద్యోగం దొరకడం, పోవడం, ఇద్దరిలో ఎవరు ఎవర్ని ఉడికిస్తారు అన్న పంతం. మిలాన్‌లో ఏటా జరిగే పెద్ద వాణిజ్య ప్రదర్శనలో వాడికి పని దొరకడానికి ఆ అమ్మాయే కారణమవుతుంది. చివరికి ఇద్దరూ ఒక టాక్సీ ఎక్కుతారు. టాక్సీ నడిపేది తండ్రే. పెళ్లి మాట అక్కడే, టాక్సీలోనే తేలిపోతుంది.

కథగా చూస్తే ఇంతే. కథ రాసిన ఆల్డో డె బెనెదెత్తి, మారియో సొల్దాతీ, కమెరిని ముగ్గురికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఈ ప్రేమలో నవ్వు పుట్టేది ప్రేమించుకునే ఆ ఇద్దరి మధ్యే. పక్కన నిలబడి నవ్వించేవాడు ఒకడు, గంభీరంగా ప్రేమించేవాడు ఒకడు అని పని పంచలేదు. లేని కారు తనదని చెప్పిన అబద్ధంలో వాడి ఆశ ఉంది, పేదరికం ఉంది, సిగ్గు ఉంది. మనం నవ్వేది ఆ అబద్ధాన్ని చూసి. వాడి మీద జాలి కలిగేదీ దాన్ని చూసే.

ఇంకొకటి. శబ్దం వచ్చిన తొలి రోజుల్లో కెమెరాను, మైకును పట్టుకుని స్టూడియో గడప దాటడానికి అన్ని దేశాల వాళ్లూ జంకేవారు. కమెరిని మిలాన్ వీధుల్లోకి వెళ్లాడు. ట్రాములు, దుకాణాల అద్దాలు, ప్రదర్శనకు వచ్చిన జనసమ్మర్దం అన్నీ నిజమైనవే. అప్పటికి ముస్సోలినీ అధికారంలోకి వచ్చి పదేళ్లు అయింది. పరాయి భాషలో మాట్లాడే సినిమాలు ఆడకూడదని 1930లోనే ఆంక్ష పెట్టింది ఆ ప్రభుత్వం. అలాంటి కాలంలో ఏ నినాదమూ లేకుండా, ఒక దుకాణం పిల్లనూ ఒక డ్రైవరునూ తెర నిండా నిలబెట్టడం చిన్న విషయం కాదు. కమెరిని ఆ దారినే తరువాత కూడా నడిచాడు. 1937లో వచ్చిన ‘ఇల్ సిన్యోర్ మాక్స్’లో డెసికా వార్తాపత్రికలు అమ్ముకునేవాడు. గొప్పింటి మనిషినని నమ్మించి పెద్దవాళ్ల మధ్య తిరుగుతాడు, చివరికి అతని మనసు అక్కడ పనిచేసే అమ్మాయి దగ్గర ఆగుతుంది. మళ్లీ వేషమే, మళ్లీ బతుకుతెరువే.

ఇక మన వైపు చూద్దాం. మన టాకీలు చాలా ఏళ్లపాటు ఇలాంటి కథ జోలికి ఎందుకు పోలేదు? నాకు కనిపించే మొదటి కారణం నాటకరంగం. మన తెలుగు టాకీ సరాసరి రంగస్థలం మీద నుంచే తెర మీదికి వచ్చింది. పద్యం, హార్మోనియం, తెలిసిన కథ. కొత్త యంత్రంలో మాట సరిగా వినపడకపోయినా ప్రహ్లాదుడి కథ చూసేవాడికి ముందే తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు. స్టూడియోలు బొంబాయిలో, కలకత్తాలో, ఆ తరువాత మద్రాసులో ఉండేవి. ఆ ఊళ్లకు వెళ్లి డబ్బు ఖర్చు పెట్టి తీసేవాళ్లు నష్టం రాని కథే ఎంచుకుంటారు.

మన నేల మీదే స్టూడియో పెట్టాలన్న తపన లేకపోలేదు. 1936లో రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ స్థాపించారు. మన విశాఖపట్నంలో గొట్టుముక్కల జగన్నాథరాజు గారు ఆంధ్రా సినీటోన్ పెట్టారు. అక్కడ ‘భక్త జయదేవ’ తీశారు, 1938లో విడుదలైంది. సముద్రం ఎదురుగా ఉన్న ఊళ్లో, రేవులో వందల మంది దిగుమతి ఎగుమతి పనుల్లో ఉన్న ఊళ్లో, తీసింది జయదేవుడి కథ. భక్తి కథలు తీయడం తప్పని అనను. కానీ రేవులో కూలి చేసే కుర్రాడి ప్రేమ, మన చిట్టివలస జూట్ మిల్లులో షిఫ్టు దిగి వచ్చే అమ్మాయి కోపం అప్పటి తెర ఎక్కలేదే అన్న వెలితి నాకు ఉంది.

సాంఘికాలు వచ్చాయి. 1936లో కృత్తివెంటి నాగేశ్వరరావు గారి ‘ప్రేమవిజయం’తో మొదలై, 1938లో గూడవల్లి రామబ్రహ్మం గారి ‘మాలపిల్ల’, 1939లో వై.వి.రావు గారి ‘మళ్ళీ పెళ్ళి’, అదే ఏడాది బి.ఎన్.రెడ్డి గారి ‘వందేమాతరం’ వచ్చాయి. గౌరవించవలసిన సినిమాలు. అయితే వాటిలో ప్రేమ ఒక పోరాటం. కులంతోనో, వితంతువుల మీద విధించిన ఆచారంతోనో, నిరుద్యోగంతోనో తలపడాలి. కందుకూరి వీరేశలింగం గారి తరం వెలిగించిన సంస్కరణ దీపం ఇంకా చేతిలో ఉంది మనకు. ఆ దీపం పట్టుకున్నవాడు నవ్వుతూ నడవలేడు. 1940లో మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ సినిమాగా వచ్చింది. రఘుపతి వెంకయ్య నాయుడు గారి కుమారుడు ఆర్.ప్రకాశ్ దర్శకుడు, పార్వతీశంగా లంక సత్యం, జి.వరలక్ష్మి గారికి తొలి సినిమా. నవ్వు వచ్చింది, కానీ అది మొగల్తూరు అబ్బాయి ఇంగ్లండు ప్రయాణం మీద నవ్వు, ఇద్దరు ప్రేమించుకునేవాళ్ల మధ్య నవ్వు కాదు.

అలా అని తెలుగువాడికి ఆ రుచి తెలియదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మన తగరపువలసకు దగ్గర్లో ఉన్న విజయనగరంలో 1892లోనే ‘కన్యాశుల్కం’ ఆడారు. గురజాడ అప్పారావు గారు గిరీశాన్నీ మధురవాణినీ మాట్లాడించిన తీరులో ఏముంది? ఎదుటివాడి అబద్ధం తెలిసీ తెలియనట్టు ఉండే ఆడమనిషి, తన అబద్ధాన్ని తానే నమ్మే మగవాడు. మన ఉత్తరాంధ్ర మాటల్లో, మన వీధి యాసలో, మిలాన్ డ్రైవరు పుట్టడానికి నలభై ఏళ్ల ముందే ఆ ఆట మనవాళ్లు ఆడారు. టాకీ వచ్చాక దాన్ని తెర మీదికి తెచ్చుకోవడానికే మనకు సమయం పట్టింది.

తెచ్చిన దారి బెంగాల్ మీదుగా వచ్చింది. రవీంద్రనాథ్ మైత్ర అనే రచయిత బెంగాలీలో ‘మాన్‌మయీ గర్ల్స్ స్కూల్’ అని నాటకం రాశారు. 1935లో జ్యోతిష్ బెనర్జీ దాన్ని సినిమాగా తీశారు. కానన్ దేవి నాయిక. ఉద్యోగం లేని అబ్బాయి ఒకడు, ఉద్యోగం లేని అమ్మాయి ఒకత్తె. ఒక బడిలో పని ఉంది, కానీ భార్యాభర్తలకే ఇస్తారు. ఇద్దరూ భార్యాభర్తలమని చెప్పి చేరతారు. కమెరిని సినిమా వచ్చిన మూడేళ్లకే కలకత్తాలో ఇలాంటి కథ తెర మీద ఉందంటే ఆశ్చర్యం వేస్తుంది. ఒకరిని చూసి ఒకరు తీశారని కాదు. 1930ల ఆర్థిక మాంద్యం మిలాన్‌నూ తాకింది, కలకత్తానూ తాకింది. చదువుకుని పని లేక తిరిగే యువతీయువకులు రెండు చోట్లా ఉన్నారు. పని కోసం అబద్ధం ఆడక తప్పని చోట ప్రేమ కూడా అబద్ధం వేషంలోనే మొదలవుతుంది.

ఆ బెంగాలీ కథే ఇరవై ఏళ్లు గడిచి 1955 జనవరి 12న మన ‘మిస్సమ్మ’ అయింది. దీనికి శరదిందు బందోపాధ్యాయ రాసిన ‘డిటెక్టివ్’ అనే మరో కథను కూడా కలిపి, నిర్మాత చక్రపాణి గారు తెలుగు ఇంటి కథగా మలిచారు. విజయా వారి నిర్మాణం. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్. ఆయన సంగతి ఒకటి చెప్పాలి. హిందీ మొదటి టాకీ ‘ఆలం ఆరా’లోనూ, తమిళ మొదటి టాకీ ‘కాళిదాస్’లోనూ, తెలుగు ‘భక్త ప్రహ్లాద’లోనూ చిన్న వేషాలు వేసిన మనిషి ఆయన. మూడు భాషల సినిమా నోరు విప్పినప్పుడు అక్కడే ఉన్నాడు. ఆయనే 1946లో ‘గృహప్రవేశం’ తీసి భానుమతి గారి సరసన తానే హీరోగా వేశాడు. 1952లో ‘పెళ్ళిచేసి చూడు’ తీశాడు. ప్రహ్లాదుడి నుంచి మిస్సమ్మ దాకా మన తెర నడిచిన దూరమంతా ఆ ఒక్క మనిషి జీవితంలో ఉంది.

కథ మీకు తెలిసిందే అయినా ఒకసారి తలుచుకుందాం. మద్రాసులో ఎం.టి.రావు, మేరీ. ఇద్దరూ పట్టభద్రులు, ఇద్దరికీ పని లేదు. మేరీ క్రైస్తవురాలు. ఆమె ఇంటికి డేవిడ్ అనేవాడు అప్పు ఇచ్చి, ఆ అప్పు పేరు చెప్పి పెళ్లికి ఒత్తిడి చేస్తుంటాడు. అప్పాపురం జమీందారు గోపాలం గారు తన బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావాలని ప్రకటన వేశారు. రావు, మేరీ మొగుడూ పెళ్లాల వేషం కట్టి బయలుదేరారు. బిచ్చమెత్తుకునే దేవయ్య నౌకరుగా తోడు వచ్చాడు. అక్కడ గోపాలం గారి ఇంట్లో ఆప్యాయత ఎక్కువైన కొద్దీ మేరీకి ఊపిరి ఆడదు. బొట్టు పెట్టుకోవాలి, పూజల్లో కూర్చోవాలి, పరాయి మగవాణ్ణి అందరి ముందూ మొగుడుగా చూడాలి. రావు మాత్రం ఆ వేషాన్ని హాయిగా అనుభవిస్తుంటాడు. గోపాలం గారి అమ్మాయి సీతకు అతను సంగీతం చెప్పడం మొదలుపెట్టాక మేరీకి వచ్చే కోపం ఉంది చూశారూ, మొగుడు కానివాడి మీద పెళ్లాం కాని మనిషికి వచ్చిన ఆ అసూయ, అదీ ఈ సినిమాకు ఆయువుపట్టు.

సావిత్రి గారు ఆ పాత్రలో చేసిన పని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. అందరి ముందూ తల ఊపి, తలుపు వేసిన మరుక్షణం రావు మీద విరుచుకుపడుతుంది. నవ్వు ఆమె కోపంలోనే ఉంది. మనల్ని నవ్వించాలని ఆమె ఒక్కసారి కూడా ప్రయత్నించదు. ఎన్.టి.రామారావు గారు కూడా అంతే. ఆ తరువాత కాలంలో కత్తి పట్టుకుని, కిరీటం పెట్టుకుని చూసిన మనిషి ఇక్కడ నౌకరీ పోతుందేమోనని భయపడే మామూలు పంతులు. అసలు మేరీ పాత్రకు ముందు అనుకున్నది భానుమతి గారిని. నాలుగు రీళ్లు తీశాక ఆమెకూ చక్రపాణి గారికీ మాట పట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. రెండో నాయికగా అనుకున్న సావిత్రి మేరీ అయ్యారు, సీత పాత్ర జమునకు వచ్చింది. భానుమతి గారు అంతకు ముందు ఏడాదే తమ భరణీ సంస్థలో ‘చక్రపాణి’ అనే సినిమా తెచ్చారు. అది కూడా మొగుడు లేని చోట మొగుణ్ణి చూపించి, బిడ్డను అరువు తెచ్చుకునే కథ. సంగీతం కూడా ఆమెదే. మిస్సమ్మ నీడలో పడి దాన్ని మనవాళ్లు తక్కువ తలుచుకుంటున్నారు, అది న్యాయం కాదు.

అక్కినేని నాగేశ్వరరావు గారు ‘దేవదాసు’ తరువాత దుఃఖ పాత్రల ముద్ర పడిపోతుందని, కావాలని ఈ సినిమాలో డిటెక్టివ్ రాజు వేషం అడిగి వేశారు. రంగారావు, ఋష్యేంద్రమణి, రేలంగి, రమణారెడ్డి. అందరికీ పని ఉంది. కానీ గమనించండి, రేలంగి ఉన్నా రమణారెడ్డి ఉన్నా కథలోని అసలు నవ్వు వాళ్లకు వదిలేయలేదు.

మనం ఉత్తరాంధ్ర వాళ్లం కాబట్టి ఇంకో మాట చెప్పాలి. ఈ సినిమా పాటలన్నీ రాసిన పింగళి నాగేంద్రరావు గారు పుట్టింది రాజాంలో. జమునకు పాడిన పి.సుశీల గారు విజయనగరం ఆడపడుచు. అదే 1955 ఆగస్టులో ‘కన్యాశుల్కం’ సినిమాగా వచ్చింది. అందులోనూ మధురవాణి సావిత్రే, గిరీశం ఎన్.టి.రామారావే. ఒకే ఏడాది ఒకే జంట, ఒకటి బెంగాల్ నుంచి వచ్చిన ఆట, ఒకటి విజయనగరంలో పుట్టిన ఆట. తెలుగు సినిమాకు ఇంతకంటే మంచి సంవత్సరం వచ్చిందా అని నాకు సందేహం.

ఈ సినిమాను మన తరం వాళ్లు చాలామంది చూసిన దానికంటే విన్నదే ఎక్కువ. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవారు. బొమ్మ లేకుండా మాటలూ పాటలూ మాత్రమే. పొలం నుంచి వచ్చినవాళ్లు, మిల్లు పని దిగినవాళ్లు ఒక్క రేడియో చుట్టూ కూర్చుని వినేవారు. మిస్సమ్మ ఆ పరీక్షకు నిలబడింది. మేరీ విసుగు, రావు నసుగుడు, దేవయ్య గొణుగుడు చెవికి చాలు, బొమ్మ దానంతట అదే కడుతుంది. మాటలు వచ్చిన సినిమాకు ప్రేమకథలో నవ్వు ఎంత పెద్ద సంపదో అలా వింటే అర్థమవుతుంది. మూగ సినిమాలో కాలు జారి పడితే నవ్వు, అంతే. ఒకటి అనుకుని మరొకటి అనే మనిషిని చూసి నవ్వాలంటే మాట ఉండాలి.

మిస్సమ్మ మీద నాకు ఒక అభ్యంతరం ఉంది, అది కూడా చెప్పాలి. మేరీ ఎవరో కాదు, గోపాలం గారు చిన్నప్పుడు పోగొట్టుకున్న మహాలక్ష్మే అని చివర్లో తేలుతుంది. మతం వేరన్న చిక్కు అక్కడితో పోయింది, అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. నా మట్టుకు ఆ విడుపు వద్దు. మేరీ మేరీగానే ఉండి రావును చేసుకున్నా ఆ ప్రేమ నిలబడేది. అంతవరకూ రెండు గంటలు మనం చూసింది ఆ నిలబడటాన్నే కదా. మిలాన్‌లో ఆ టాక్సీ తండ్రి కూతురి సంగతి తెలుసుకున్నప్పుడు ఎవరి పుట్టుపూర్వోత్తరాలూ మారలేదు. డ్రైవరు డ్రైవరే, దుకాణం పిల్ల దుకాణం పిల్లే. ఈ ఒక్క చోట కమెరిని ధైర్యం ఎక్కువ. 1955లో తెలుగు కుటుంబాలన్నిటినీ థియేటరుకు రప్పించాల్సిన చక్రపాణి గారి లెక్క వేరు. నేను ఒప్పుకోను గానీ, అర్థం చేసుకోగలను.

ఇటలీ సినిమా మన దేశానికి రాలేదా అంటే, గొప్పగా వచ్చింది. 1952 జనవరిలో బొంబాయిలో మొదలై మద్రాసు, ఢిల్లీ, కలకత్తాలకు వెళ్లిన మన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో ‘బైసికిల్ థీవ్స్’ ఆడింది. దర్శకుడు ఎవరనుకున్నారు? ఇరవై ఏళ్ల కిందట సైకిలు మీద ట్రాము వెంట పడ్డ ఆ కుర్రాడే, విట్టోరియో డెసికా. ఆ సినిమా చూసి మన దర్శకులు చలించిపోయారు. బిమల్ రాయ్ ‘దో బీఘా జమీన్’ తీశారు. పేదవాడి కన్నీరు ఎలా చూపించాలో డెసికా మనకు నేర్పాడు. పేదవాడి నవ్వు ఎలా ఉంటుందో ముందు తన మొహం మీద చూపించినవాడూ ఆయనే. ఆ సంగతి మాత్రం మనకు చేరలేదు. కన్నీటి సినిమాలకు పండుగల్లో పీట వేస్తారు, నవ్వే సినిమాలను కాలక్షేపం కింద కట్టేస్తారు. ఈ తేడా నాకు ఎప్పుడూ నచ్చలేదు. రోడ్డు మీద దొంగిలించిన సైకిలు ఎంత నిజమో, అరువు కారులో తిప్పిన రోజు కూడా అంతే నిజం.

మిస్సమ్మ తరువాత ఆ దారిలో మనం ఎక్కువ దూరం పోలేదు. తెలుగు సినిమా పని పంచుకుంది. ప్రేమించడం హీరోది, నవ్వించడం పక్కనున్న జంటది. రేలంగి-గిరిజ, పద్మనాభం-గీతాంజలి, రాజబాబు-రమాప్రభ. వాళ్లంతా మహానటులు, వాళ్లకు నా నమస్కారం. కానీ అప్పటి నుంచి హీరో ప్రేమలో పడితే నవ్వులు ఆగిపోవాలి, నవ్వులు మొదలైతే హీరో పక్కకు తప్పుకోవాలి అన్నట్టు తయారైంది. హీరోకు అబద్ధమాడి దొరికిపోయే హక్కు పోయింది, హీరోయినుకు కోపగించుకుని తప్పు చేసే హక్కు పోయింది. 1980ల్లో జంధ్యాల గారు ఆ రెండింటినీ మళ్లీ కలిపారు. ఎవరికి చేరుతుందో తెలియకుండా ఒక అమ్మాయి రాసిన ఉత్తరం పట్టుకుని ఆమెను వెతుక్కుంటూ తిరిగే ‘శ్రీవారికి ప్రేమలేఖ’ హీరో, 1984లో, కమెరిని డ్రైవరుకు తమ్ముడే. ఆ కథ పొత్తూరి విజయలక్ష్మి గారిది. ఒక స్త్రీ రాసిన నవలలోంచి ఆ నవ్వు వచ్చిందని మరిచిపోకూడదు. జంధ్యాల గారు తమ సినిమాలు కొన్నిటిని మన విశాఖలోనే తీశారు. కమెరినికి మిలాన్ ట్రాములు ఎలాగో, ఆయనకు మన సముద్రపు ఒడ్డు అలాగ.

ఇదంతా ఎప్పటి కథో అనుకోకండి. మన తగరపువలస మెయిన్ రోడ్డు మీద బట్టల కొట్లలో, మందుల షాపుల్లో, సెల్‌ఫోన్ దుకాణాల్లో పొద్దున్నించి రాత్రి దాకా నిలబడి పనిచేసే అమ్మాయిలు ఎంతమంది ఉన్నారో చూడండి. వాళ్లందరూ మరియుచ్చాలే. అటు విజయనగరం, ఇటు విశాఖ, బస్సులూ ఆటోలూ పట్టుకుని ఉద్యోగాలకు తిరిగే కుర్రాళ్లు ఉన్నారు. చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివి, పట్టా చేతిలో పెట్టుకుని కబురు కోసం చూసేవాళ్లు ఉన్నారు. చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడ్డాక వేరే పని వెతుక్కున్న ఇళ్లు ఉన్నాయి. గది అద్దెకు అడిగితే పెళ్లైనవాళ్లకే ఇస్తాం అనే ఇంటివాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. అప్పాపురం జమీందారు గారి షరతు ఇంకా అమల్లోనే ఉందన్నమాట. అంతమంది మధ్య ఎన్ని చిన్న అబద్ధాలు, ఎన్ని అలకలు, గోస్తనీ వంతెన మీద బస్సు కదిలే లోపల ఎన్ని రాజీలు జరుగుతుంటాయో! ఇవి రాసేవాళ్లు లేరు. మన దగ్గర కథలు రాసే యువకులు ప్రేమ అనగానే చావు రాస్తున్నారు, లేకపోతే కత్తులు రాస్తున్నారు.

కాబట్టి ఈ మాటలు వింటున్న యువ రచయితలకు, ముఖ్యంగా అమ్మాయిలకు, నా విన్నపం ఒకటే. ముందు ‘మిస్సమ్మ’ను మళ్లీ చూడండి, ఈసారి పాటల కోసం కాకుండా మేరీ కోపం కోసం చూడండి. వీలైతే కమెరిని సినిమా కూడా సంపాదించి చూడండి, గంట పైచిలుకు సినిమా, భాష తెలియకపోయినా డెసికా మొహం చాలు. ఆ తరువాత మన బజారులో పని చేసే ఒక అమ్మాయినీ, ఒక అబ్బాయినీ తీసుకుని, మన యాసలో, అరగంట రేడియో నాటకం రాయండి. నవ్వించే పని ఆ ఇద్దరికే ఇవ్వండి, పక్కన ఇంకెవరినీ పెట్టకండి. రాసింది మీ దగ్గరే దాచుకోకుండా ఆకాశవాణికి పంపించండి.